మైనస్ అరవై కిలోలు

2022 జనవరిలో నేను కెనడాలో, కిచెనర్‌లోని ఒక వీడియో గేమ్ కంపెనీలో సీనియర్ ఫిజిక్స్ ఇంజనీరుని. అంతకు ముందు ఇరవై ఏళ్లు నిజం కార్ల సస్పెన్షన్లు పరీక్షించినవాణ్ణి. ఆన్‌లైన్ రేసింగ్ గేమ్‌లో కారు రోడ్డును ఎలా పట్టుకోవాలో, బ్రేకు వేస్తే బరువు ఎటు మొగ్గాలో లెక్కలు రాయడం నా పని. కొత్త వెర్షన్ ఆటగాళ్లకు వెళ్లే ముందు ఫిజిక్స్ సరిగా ఉందని సంతకం పెట్టాల్సిందీ నేనే.

మా పక్కన బ్యాలెన్స్ టీమ్ ఉండేది. ఒకే కారు ప్రతిసారీ గెలవకూడదు, ఒకే కారు ప్రతిసారీ ఓడకూడదు, అదీ వాళ్ల బాధ్యత. ఎక్కువగా గెలిచే కారుకు బరువు కలుపుతారు. దాన్ని బ్యాలస్ట్ అంటారు. నిజం రేసుల్లో అయితే కారు లోపల ఇనుప దిమ్మలు బిగించాలి, మా దగ్గర పట్టికలో ఒక అంకె వేస్తే చాలు. వాళ్లు గెలుపోటముల లెక్కలు తప్ప ఇంకేమీ చూసేవారు కాదు. ఈ విషయం మీద వాళ్లతో చాలాసార్లు గొడవపడ్డాను, చాలాసార్లు నా మాట చెల్లలేదు.

ఆ నెల మార్పులు విడుదలయ్యాక, ఇంజిన్ ముందు చక్రాలనే తిప్పే ఒక చిన్న ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారు మంచు ట్రాక్ మీద మలుపు తిరగడం లేదని ఫిర్యాదులు మొదలయ్యాయి. పొడి ట్రాక్ మీద నడిపి చూశాను. చక్కగా తిరిగింది. ‘డ్రైవర్ పొరపాటు’ అని రాసి మూసేశాను. మళ్లీ వస్తే మళ్లీ అదే రాశాను. కార్లతో జుట్టు నెరిసినవాడికి ఆటగాళ్లు నేర్పేదేమిటని నా పొగరు.

మూడోసారి ఫిర్యాదు నేరుగా నా పేరు మీద, తెలుగులో వచ్చింది. రాసింది షారోన్, అంతకు ముందు రెండుసార్లూ ఫిర్యాదు చేసింది కూడా ఆమే. చీరాల అమ్మాయి, సార్నియాలో కాలేజీ విద్యార్థిని. ఆ మలుపులో ఆమె కారు తిరక్కుండా నేరుగా పోయి పక్క కార్లను గుద్దేది. కావాలనే గుద్దుతోందని మా ఆటోమేటిక్ సిస్టమ్ ఆమె ఖాతా నిలిపేసింది. ఆ ముద్ర పడ్డాక కాలేజీ గేమింగ్ టీమ్ వాళ్లూ ఆమెను తీసేశారు. ఆమె నన్ను బతిమాలలేదు. ఒక్కసారి వచ్చి తన కారులో కూర్చోమంది. గేమ్‌లోని ఆ మోడలే ఆమె నిజంగా నడిపే కారు. అక్కడ బస్సులు తక్కువ గనక నలుగురు అమ్మాయిలు కలిసి పాతది కొనుక్కున్నారట.

శనివారం పొద్దున్న రెండు గంటలు డ్రైవ్ చేసుకుంటూ వెళ్లాను. కాలేజీ పార్కింగ్ లాట్ ఖాళీగా ఉంది, నిండా మంచు. షారోన్ నెమ్మదిగానే పోనిచ్చి, మలుపు దగ్గర గ్యాస్, అంటే యాక్సిలరేటర్, మీద నుంచి కాలు తీసింది. కారు ముందుకు ఒంగి, తిరిగింది. మూడుసార్లు అలాగే చేసి చూపించింది.

“చూశారా అంకుల్, ఇంజిన్ వెయిట్ అంతా ముందే ఉంది కదా. గ్యాస్ వదిలితే ఫ్రంట్ టైర్లకి గ్రిప్ వస్తుంది. మీ గేమ్‌లో బానెట్ కింద ఏమీ లేనట్టే ఉంటుంది. రోజూ ఈ స్నోలోనే పనికి వెళ్తున్నా. నాకు డ్రైవింగ్ రాదని రెండుసార్లు రాశారు.”

ఆ రెండు జవాబులూ నావేనని ఒప్పుకున్నాను. సిగ్గేసింది.

“తెలుసు అంకుల్, జవాబుల కింద మీ పేరుంది. అందుకే మిమ్మల్నే రమ్మన్నా,” అంది.

సోమవారం బ్యాలస్ట్ పట్టిక తెరిచాను. ఆ కారు వరసలో, ముందు చక్రాల దగ్గర, మైనస్ అరవై కిలోలు. ఓడిపోతున్న కారుకు సాయం చేద్దామని బ్యాలెన్స్ టీమ్‌లో ఎవరో బరువుకు బదులు బరువు లేమిని బిగించారు! కారు తేలికై పొడి ట్రాక్ మీద జోరందుకుంది గనక పరీక్షలన్నీ గట్టెక్కింది. మంచులో మాత్రం ముందు టైర్లను నేలకు అదిమే బరువు చాల్లేదు. అసలు తప్పు నాది. ఆ గడి తయారుచేసింది నేను. సున్నా కంటే తక్కువ బరువు ఎవరైనా వేస్తారని నిజం కార్ల మధ్య పనిచేసిన నా బుర్రకు తట్టలేదు, వేస్తే ఆపే కోడ్ లైను రాయలేదు.

విడుదలల బాధ్యత ప్రొడ్యూసర్‌ది. గుట్టుచప్పుడు కాకుండా తదుపరి వెర్షన్‌లో సరిచేద్దామన్నాడు. బయటికి చెబితే ఖాతాలు పోయినవాళ్లంతా మీద పడతారని అతని భయం. పడనివ్వండి అన్నాను. తప్పు మాదేనని విడుదల ప్రకటనలో రాయాలి, ఆ కారు వల్ల నిలిపేసిన ఖాతాలన్నీ తిరిగి ఇవ్వాలి, అంతవరకూ సంతకం పెట్టనన్నాను. నా రిటైర్మెంట్ ఎంతో దూరంలో లేదని గుర్తుచేశాడు, సంతకానికి వేరేవాళ్లు ఉన్నారన్నాడు. వాళ్లచేతే పెట్టించుకోండి, నేనెందుకు పెట్టలేదో కంపెనీలో అందరికీ రాస్తాను అన్నాను. గంగిరెద్దులా తలూపడానికైతే నాకు జీతం దేనికి?

విడుదల రెండు రోజులు ఆగింది. మూడో రోజు నేను అడిగినట్టే ప్రకటన వెలువడింది, ఖాతాలు తెరుచుకున్నాయి. షారోన్ మెసేజ్ పెట్టింది: “టీమ్‌లోకి మళ్లీ రమ్మన్నారు అంకుల్. సారీ రాసిస్తే వస్తానన్నా.”

ఫిర్యాదును మూసే ముందు ఫిర్యాదుదారు నడిపిన చోటే నడిపి చూడాలని నేను నేర్చుకున్నాను. ఇప్పుడు ఆ గడిలో సున్నా కంటే తక్కువ అంకె పట్టదు. అందుకు రాసిన లైను పక్కన, కారణం చెప్పే చోట, ‘పొరపాటు నాది, పట్టుకున్నది షారోన్’ అని పెట్టాను. తీసేయమన్నారు. తీయలేదు.