కనాతుకు అటొకరు ఇటొకరు

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ రోజుల్లో సిద్దిపేటలో ఒక్కపూటైనా ఉపవాసం చేయని మనిషిని వింతగా చూసేవాళ్లు. తెలంగాణ కావాలని ప్రతి చౌరస్తాలో ఒక దీక్షా శిబిరం. ఈ రోజు వకీళ్లు కూర్చుంటే రేపు దర్జీలు, ఎల్లుండి ఆటోవాళ్లు. అందరూ వంతులవారీగా ఆకలితో ఉంటే తీరిక లేకుండా తిరిగింది మేమే, టెంటు హౌస్ వాళ్లం. శామియానా లేనిదే ఉద్యమం ఎక్కడ కూర్చుంటుంది? తొమ్మిదో తరగతిలో లెక్కల సారుకూ నాకూ పొసగక (ఆయనకు బడి వదిలే వీలు లేదు కనుక నేనే వదిలేశాను) టెంటు హౌస్ చాచా దగ్గర పనికి కుదిరి అప్పటికి మూడేళ్లు. గుంజలు పాతడం, తాళ్లు కట్టడం, జంపఖానాలు పరచడం నా పని. కట్టిన ముడిని ఒకసారి గుంజి చూడడం కూడా నా పనే, కానీ దానికి నాకు ఓపిక ఉండేది కాదు.

పాత బస్టాండ్ దగ్గరి శిబిరంలో ఒక ఎర్రకుక్క ఉండేది. దాని పేరు దీక్ష; జనం పెట్టిందే. పొద్దున పూలదండలు వేసే వేళకు వచ్చి, సాయంత్రం నిమ్మరసం ఇచ్చేదాకా జంపఖానా మీదే పడుకునేది. శిబిరానికి ఒక్కరోజు నాగా పెట్టనిది, అక్కడ ఒక్కపూట పస్తుండనిది అదొక్కటే. ఒకనాడు మిట్టమధ్యాహ్నం ఎవరో "పోలీసోళ్లొస్తున్రు!" అని అరిస్తే జనం ఒక్కసారిగా లేచారు. (వచ్చింది పాలవ్యాను.) ఆ తోపులాటలో ఎవరి కాలో తాడుకు తగిలి, మూల గుంజ కూలి సరిగ్గా దీక్ష వెనక కాలి మీద పడింది. ఆ మూల తాడు కట్టింది నేను. చాయ్ చల్లారిపోతుందని ఒక్క మెలికతో వదిలేసింది నేను. అది అరిచిన అరుపు వినగానే అందరికంటే ముందు పరుగెత్తి గుంజ లేపింది కూడా నేనే. ముడి సంగతి ఎవరికీ తెలియలేదు, నేను చెప్పలేదు. భుజం మీది దుబ్బాక నేత తువ్వాలలో దాన్ని చుట్టి పశువుల దవాఖానకు ఎత్తుకుపోయి కట్టు కట్టించాను. రోడ్డు మీద వదిలితే బతకదని డాక్టరు అంటే ఇంటికి తెచ్చాను.

ఇంట్లో సర్పంచ్ ఉన్నాడు. మా అవ్వ (మేము అమ్మను అలాగే పిలుస్తాం) పెంచుకున్న నల్లకుక్క. వాడకట్టులో ఎవరింటికి ఎవరొచ్చారో స్వయంగా వెళ్లి చూసి రావడం అలవాటు కనుక వాడికా పేరు. బాపు పోయాక మా ఇంట్లో అవ్వ చెప్పేదంతా చెవులు రిక్కించి వినేది వాడొక్కడే. నేను గడపలో అడుగు పెట్టగానే సర్పంచ్ మెడ మీది వెంట్రుకలు లేచాయి. అవ్వ నా చేతిలోని మూటను చూసింది.

"ఏందిరా గది?"

"దీక్ష."

"దీక్షలు గాడ బస్టాండ్ కాడ చేస్కో. ఇంట్లకెందుకు తెచ్చినవ్?"

"కాలిరిగిందవ్వా. నాలుగొద్దులు ఉంటది."

"నా సర్పంచ్‌కు ఒక్క గాటు పడ్డదనుకో, గీ కుంటిదాన్ని గా పూటనే తోలేస్త. సమజైందా?"

సమజైంది. కానీ నేను తెలివిగలవాణ్నని నాకొక అనుమానం ఉండేది. ఉద్యమంలో నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వండుకుని తినే వంటా-వార్పులకు చాలాసార్లు టెంట్లు వేశాను. మొహం తెలియనివాళ్లు ఒకే బంతిలో కూర్చుని, లేచేసరికి అన్నా తమ్మీ అని పిలుచుకునేవాళ్లు. మనుషులకు పనిచేసింది కుక్కలకెందుకు పనిచేయదు? రెండు గిన్నెల్లో పెరుగన్నం కలిపి, జానెడు ఎడంలో పెట్టి, "కూసోన్రి, కూసోన్రి" అని రెండింటినీ పిలిచాను. తర్వాత ఏమైందో వరుసగా గుర్తులేదు. పెరుగు నా మీసాల మీద ఉంది (అప్పుడే మొలుస్తున్నాయి, వాటికిది మంచి ఆరంభం కాదు). ఒక గిన్నె పొరుగింటి గోడ అవతల పడింది. దీక్ష మూడు కాళ్ల మీద నీళ్ల తొట్టి వెనక్కి దూరి వణుకుతోంది. సర్పంచ్ పళ్లు బయటపెట్టి తొట్టి ముందు నిలబడ్డాడు. అవ్వ చీపురు పట్టుకుని నా ముందు నిలబడింది.

"రోడ్డు మీద పొద్దంత విడిపోవాలె, విడిపోవాలె అని మొత్తుకుంటవు. ఇంటికొచ్చి కలిసి తినున్రని కుక్కల మీద పడ్తవేందిరా?"

టెంటు హౌస్‌కు పరుగెత్తి, చాచా భోజనానికి వెళ్లిన సందు చూసి ఒక కనాతు (శామియానా చుట్టూ గోడలా కట్టే మందపు గుడ్డ) భుజాన వేసుకొచ్చి వాకిలి మధ్యలో అడ్డంగా కట్టాను. ఇటు అవ్వ, సర్పంచ్, వంటిల్లు. అటు నేను, దీక్ష, బాత్రూము.

ఆ సాయంత్రం సర్పంచ్ అన్నం ముట్టలేదు. మర్నాడూ ముట్టలేదు. ఊరంతా వంతులవారీ దీక్షలు నడుస్తుంటే మా ఇంట్లో ఆమరణ దీక్ష మొదలైంది. అవ్వ జొన్న గటక కాచి పెట్టింది, రొట్టె పాలల్లో నానబెట్టింది, ఆదివారం కాకపోయినా కోడికూర వండింది. వాడు గిన్నెను ఒకసారి వాసన చూసి, కనాతు వైపు తిరిగి, మూతి దాని అంచుకు ఆనించి పడుకునేవాడు. అవతల దీక్ష మాత్రం, నేను పొద్దున గిన్నె నింపి పనికి వెళ్లి వచ్చేసరికి దాన్ని నాకి నాకి తళతళలాడించి, ఇంకా కావాలని నా మొహంలోకి చూసేది. ఎంత పెట్టినా డొక్కలు లోపలికే ఉండేవి. (నీ మూలంగా ఇల్లు రెండైతే నీకు ఆకలెలా అవుతుందే అని కోపం కూడా వచ్చింది.)

మూడో రోజు గమనించాను, అవ్వ పళ్లెం కూడా పొడిగానే ఉంది.

"నువ్వు తిన్నవా అవ్వా?"

"వాడు తినంది నేనెట్ల తింట?" అంది. ఆ గొంతులో కోపం లేదు. అందుకే భయమేసింది. "రేపు పగటాళ్లదాక చూస్త. అప్పటికి వాడు ముట్టకపోతే దాన్ని ఏడికెల్లి తెచ్చినవో గాడనే ఇడిసి రా. పాపమైతే నాకే తగలనియ్యి."

ఇటు చూస్తే తిండి మానేసిన తల్లి. అటు చూస్తే నా ముడి వల్ల కాలిరిగిన కుక్క. దాన్ని ఎందుకు వదలలేనో చెప్పాలంటే ముడి సంగతి చెప్పాలి.

నాలుగో రోజు పనికి పోలేదు. దీక్ష ముందు చివరిసారిగా కోడికూర అన్నం పెట్టి, ఇవతలికి వచ్చి తువ్వాల మడుస్తూ కూర్చున్నాను. పొద్దు నెత్తి మీదికి వచ్చింది. అవ్వ నన్నూ చూడలేదు, ఎండనూ చూడలేదు. అంతలో గేటు ముందు ట్రాలీ ఆటో ఆగింది. చాచా!

"క్యా రే! నాలుగు రోజుల్నుంచి దేవులాడుతున్న, నా కనాత్ గిక్కడుందా? రేపు వంటా-వార్పుకు ఆడోళ్ల దిక్కు అడ్డం కట్టాలె. షాదీల కనాత్ రా అది, కుక్కలకు కట్టినవా?"

"చాచా, ఇప్పుడిప్పకు! కొట్టుకోని సస్తయి!"

చాచా ఇప్పలేదు. ఊరికే తాడు మీద చెయ్యి వేశాడు. అంతే, ముడి జారింది. కనాతు మొత్తం దభీమని నేల మీద పడింది, రెండు కుక్కల మీదా. చాచా ఒక్క దూకున ఆటో ఎక్కాడు. గుడ్డ కింద రెండు గూనులు. అవి కదిలాయి. దగ్గరికి జరిగాయి. లోపలి నుంచి సన్నగా, పళ్ల సందుల్లోంచి వచ్చే గుర్రు. "సర్పంచ్..." అంది అవ్వ. నేను కళ్లు సగం మూసుకుని గుడ్డ అంచు పట్టి ఎత్తాను.

కనాతు అంచు ఉన్నచోట, ఇన్నాళ్లూ గుడ్డ మడతల చాటున కనబడకుండా, నేలలో జానెడు గుంట తవ్వి ఉంది. అందులో దీక్ష గిన్నె, సగం అటు, సగం ఇటు. ఆ గిన్నెలో రెండు మూతులు. సర్పంచ్ మూతికి అన్నం మెతుకులు. మా గిన్నె జోలికి వచ్చిందెవరని, రెండూ కలిసి మమ్మల్ని చూసి గుర్రుమంటున్నాయి.

"దొంగ సచ్చినోడా!" అంది అవ్వ, గడప మీద కూలబడి. "నాలుగొద్దులు నన్ను ఉపాసముంచి నువ్వు గీడ దావతు చేస్కుంటున్నవా?" నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

చాచా ఆటో దిగి, తాడు కొస చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. "ఒక్క మెలిక. బస్టాండ్ కాడ కూలిన గుంజకు గూడ గిదే ముడి. నేను అప్పుడే అనుకున్న."

అవ్వ నన్ను చూసింది. దీక్ష కాలి కట్టును చూసింది. మళ్లీ నన్ను చూసింది.

"అంటే దాని కాలిరగ్గొట్టింది నువ్వా?"

తలూపాను. చీపురు ఏ మూల ఉందో కంటితో వెతుక్కున్నాను.

"అయితే అదీడనే ఉంటది," అంది అవ్వ లేస్తూ. "ఎవ్వరన్న పోవాల్నంటే నువ్వు పో." లోపలికి వెళ్లి పళ్లెంలో అన్నం పెట్టుకొచ్చి, మా ఇద్దరి ముందే గడపలో కూర్చుని, ముద్ద మీద ముద్ద తిన్నది.

రాష్ట్రం వచ్చిన నాడు ఊరంతా పటాకులు కాలుస్తుంటే ఆ రెండూ ఒకే మంచం కింద దూరి వణికాయి. ఇప్పుడు నాదీ ఒక చిన్న టెంటు హౌస్. ఆ ఏళ్లలో పూలదండలు వేసి కూర్చోబెట్టిన ఉపవాసాలు ఎన్ని చూశానో లెక్క లేదు గానీ, ఎవరూ నిమ్మరసం ఇవ్వని ఉపవాసం ఒక్కటే చూశాను, మా వంటింట్లో. ఎక్కడ తాడు కట్టినా రెండుసార్లు గుంజి చూసి గానీ కదలను. అప్పుడు ఆ మీసాలు మొలుస్తున్న పిల్లగాడు కళ్ల ముందు కనిపిస్తాడు, ఒక చేతిలో చాయ్, ఒక చేతిలో తాడుతో. దొరికితే చెవి మెలేయాలనిపిస్తుంది. ఒక్క మెలిక కాదు, రెండు.