గాజు వరికంకి

ఇవాళ పొద్దున మా పాప గాజు గ్లాసు పగలగొట్టింది. ముక్కలన్నీ ఏరి, రెండుసార్లు ఊడ్చి, తడిగుడ్డ పెట్టినా నాకు నమ్మకం కుదరలేదు. సాయంత్రం దాకా అరచేత్తో నేల తడుముతూనే ఉన్నాను. గాజు విరిగిన చప్పుడు వింటే నాకు రాజమండ్రిలో మా కాలేజీ మ్యూజియం గుర్తొస్తుంది. బోటనీ డిపార్ట్‌మెంటు వెనక గది అది. అందులో ఎవరో పాతకాలపు పనివాడు చేసిన వరి దుబ్బు ఒకటి ఉండేది. ఆకు మీద నూగు, వంగిన కంకి, పచ్చి గింజలు, అన్నీ గాజే. దాన్ని చూసుకునే ఉద్యోగం మా అమ్మ తమ్ముడిది, మావయ్యది. దాని మీద దుమ్ము పడితే పడే కంగారు, ఇంట్లో పిల్లలకి జ్వరమొచ్చినా ఆయన పడడని అత్తయ్య దెప్పేది.

నేను డిగ్రీలో చేరిన ఏడాది, మావయ్య ఉద్యోగం పర్మనెంటు చేయొచ్చో లేదో రిపోర్టు రాయడానికి ఒక ఆఫీసరు వచ్చారు. అద్దాల పెట్టె తెరిచి మెత్తటి కుంచెతో దుమ్ము దులుపుతున్న మావయ్య, ఆయన్ని తీసుకురావడానికి వెళ్తూ, "ఎవర్నీ దగ్గరికి రానివ్వకమ్మా" అని నన్ను కాపలా పెట్టాడు. అంతలోనే మండపేట దగ్గరి ఊరి నుంచి తాతయ్య దిగాడు. కొడుకు ఉద్యోగం సంగతి తేలే రోజు కదా, ఇంట్లో కూర్చోలేకపోయాడు. తాతయ్య పరాయివాడా అనుకుని నేను పక్క గదిలోకి కుర్చీ కోసం వెళ్లాను. ఎవరి చేనైనా సరే, ఒక గింజ గోళ్ల మధ్య నొక్కి పాలు పోసుకుందో లేదో చూడకుండా గట్టు దాటని మనిషి ఆయన. టిక్కుమని చిన్న చప్పుడు. పరుగెత్తుకొచ్చేసరికి బొటనవేలి మీద నెత్తురు చుక్క, బల్ల మీద గింజ.

"తాలేమో అనుకున్నానే," అన్నాడు మెల్లగా. "కాస్త గట్టిగా నొక్కాను."

గుమ్మంలో మావయ్య, ఆయన వెనక ఆఫీసరు. తాతయ్య చెయ్యి వెనక్కి దాచుకున్నాడు. ఎలుక పడిందనో, ముందునుంచే అలా ఉందనో మావయ్య చెప్తాడేమోనని నేను ఆయన మొహంకేసి చూశాను.

"మా నాన్నగారండి," అన్నాడు మావయ్య. "నిజం వరి అనుకుని నొక్కారండి. పెట్టె తెరిచి వెళ్లింది నేనేనండి."

ఆఫీసరు బల్ల దగ్గరికి వచ్చారు. కంకి మీదకి వంగి చాలాసేపు చూశారు. ఆయన కుడిచెయ్యి నెమ్మదిగా లేచింది. బొటనవేలూ చూపుడువేలూ ఒక గింజకి బెత్తెడు దూరంలో దగ్గరయ్యాయి. ఉలిక్కిపడి చెయ్యి జేబులో పెట్టుకున్నారు.

"మాదీ వ్యవసాయమేనండి," అన్నారు తాతయ్యతో. ఆ బల్ల దగ్గరే కూర్చుని రిపోర్టు రాశారు. దానితోనే మావయ్య ఉద్యోగం ఖాయమైంది.

పాలు పోసుకున్న గింజ కొద్ది రోజుల్లోనే గట్టిపడుతుంది. ఇన్నేళ్లయినా, గుమ్మంలో మావయ్య నోరు విప్పేముందు గడిచిన ఆ నిమిషం మాత్రం నాలో ఇంకా పచ్చిగానే ఉంది.