సెల్లార్ మట్టి

నల్లమట్టిని గీకించి పారేయించింది నేనే. ఈ మాట ముందే చెప్పేస్తే నాకు కాస్త ఊపిరాడుతుంది.

మాది గచ్చిబౌలిలో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. వెనకాల సన్నని తోట. ఆ యేడు అసోసియేషన్‌కి సెక్రటరీని నేను. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం, ఖాళీ దొరికితే తోట మీద పెత్తనం. ఆ తోట మీద ఫిర్యాదులకు కొదవ లేదు. వాన పడితే మట్టి నల్లగా కారి పార్కింగంతా పాడవుతోందని ఒకరు, వానపాములు మెట్ల దాకా వస్తున్నాయని ఇంకొకరు. పక్క వీధిలో ఏదో టవర్ కోసం నాలుగంతస్తుల సెల్లార్ తవ్వుతున్నారు. అక్కడి ఎర్రమట్టి కావాలంటే టిప్పర్లలో తెచ్చి ఊరికే పోస్తామన్నారు. చూడ్డానికి కుంకుమలా ఉంది. మా వాళ్ళకి ఎర్రమట్టి అంటే చాలు, మంచి మట్టే.

వాళ్ళనేం అనను? నేను ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదివినదాన్ని. రెండేళ్ళపాటు పొలాల మట్టిని నీళ్ళలో కలిపి, గాజు పళ్ళాల్లో పోసి, వాటిలో మొలిచిన సూక్ష్మజీవుల చుక్కలు లెక్కపెట్టినదాన్ని. నేలకున్న జీవమంతా పైనున్న జానెడులోనే ఉంటుందని పరీక్షల్లో పేజీలకు పేజీలు రాశాను. నా బుద్ధి గడ్డి తినకపోతే సరిగ్గా ఆ జానెడే గీకించి లారీకి ఎత్తిస్తానా.

తోటపని చూసే పెద్దాయనది ఇక్కడి ఊరే. అపార్ట్‌మెంట్ కట్టకముందు ఆ నేలలోనే వాళ్ళ నాన్న పాలకూర, వంకాయ పండించేవాడట. నేల చేయిజారాక ఈయన వేరే ఏ పనిలోనూ కుదురుకోలేదు. ఇక్కడ మాలీ కావాలని విని, వాచ్‌మన్‌ని బతిమాలి చేరాడు. "గీ జాగల చెయ్యి పెడితెనే నాకు పానం నిమ్మళం బిడ్డా," అని ఒకసారి నాతో అన్నాడు.

లారీ వచ్చిన రోజు ఆయన నా దగ్గరికి వచ్చాడు.

"పది బస్తాల పాత మట్టి ఉంచుకుంట బిడ్డా. కొత్తదాంట్ల కలపాలె. తోడెయ్యకుంటే పాలు పేరుకుంటయా?"

అది ఎంత సరైన మాటో ఆ బిల్డింగ్‌లో నాకొక్కదానికే తెలియాలి. నా చెవిలో ఆఫీసు కాల్ నడుస్తోంది. "వద్దండీ, మళ్ళీ ఆ మురికెందుకు," అని లారీ వైపు చెయ్యి చూపించాను. ఆయన తెచ్చుకున్న ఖాళీ బస్తాలు మడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

మందారాలు, నందివర్ధనాలు, కరివేపాకు పెట్టించాం. వానలు మొదలయ్యాక కొత్త మట్టి పైన పెచ్చు కట్టింది, నీళ్ళు లోపలికి ఇంకలేదు. వాన వెలిశాక రావాల్సిన మట్టి వాసన రాలేదు. ఆ వాసన సూక్ష్మజీవులు పుట్టించేది, అవి లేనిచోట వాన ఉత్త నీళ్ళే. దసరా నాటికి సగం మొక్కలు పసుపెక్కాయి. సంచుల్లో ఎరువు తెప్పించి వేయించాను. ఇంకాస్త మాడాయి.

ఒక ఆదివారం పెద్దాయన నన్ను పిలిచి గడ్డపారతో ఒక పాదు తవ్వాడు. ఎరువవుతుందని వానలకు ముందు పూడ్చిన వేపాకు బయటపడింది. రంగు మారిందంతే, ఈనెలతో సహా ఆకు ఆకులాగే ఉంది.

"సూడు, ఆకును గూడ తింటలేదు గీ మట్టి," అన్నాడు.

ఆ ఆకుని అరచేతిలో పెట్టుకుంటే నాకు భయమేసింది. దాన్ని కుళ్ళించే ప్రాణి అందులో లేదు. వేళ్ళకి తిండి అందించే సన్నటి బూజు పోగులు లేవు. నలభై అడుగుల లోతులోంచి తోడి తెచ్చినదానికి అవి ఎక్కణ్ణించి వస్తాయి? గీకేసిన ఆ జానెడు మళ్ళీ తయారవడానికి ఆయన జీవితం చాలదు, నాదీ చాలదేమో.

మరుసటి ఆదివారం పార్కింగ్‌లో మీటింగ్. "మాలీ పని సరిగ్గా చేయట్లేదండీ, మొక్కలన్నీ చచ్చిపోతున్నాయి," అన్నారు ట్రెజరర్ గారు. "మాన్పించేసి ఏజెన్సీకి ఇద్దాం. ప్లాస్టిక్ గడ్డి పరిచేస్తారు, ఇక మట్టితో గొడవే ఉండదు."

మాలీ పెద్దాయన స్తంభం పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. నేను చెప్పాల్సింది రెండే ముక్కలు. తప్పు ఆయనది కాదు, మట్టిది. ఆ మట్టి పోయించింది నేను. రోజూ ఆఫీసులో పక్కవాళ్ళ తప్పులు పట్టి జీతం తీసుకునేదాన్ని, నా తప్పు చెప్పడానికి నోరు పెగల్లేదు. ఇంత చదివి ఇదా చేసింది అంటారని సిగ్గు, వేరే కారణమేమీ లేదు. ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తమన్నారు. అందరి చేతులూ లేచాయి. నాదీ లేచింది.

ఆయన మోటారు గది తాళంచెవి తెచ్చి నా చేతికిచ్చి, గేటు వైపు నడిచాడు. వెనకాలే పరుగెత్తాను.

"తప్పు నాదండీ. అది చచ్చిన మట్టి. మీరేం చేసినా అందులో ఏదీ బతకదు."

"నాకెర్కలేదా బిడ్డా."

"మరి అందరి ముందు చెప్పొచ్చు కదా?"

ఆయన సైకిల్ స్టాండ్ తీశాడు. గొంతులో కోపం లేదు.

"నేను జెప్తే మాలీ సాకులు జెప్తుండు అంటరు. నువ్వు సదువుకున్నదానివి. నువ్వు జెప్తవేమోనని నీ దిక్కే సూస్కుంట నిలవడ్డ," అన్నాడు.