రెండు చేతుల మనిషి

పుదుచ్చేరిలో ఫ్రెంచివాళ్ళ దొరతనం నడుస్తున్న రోజులవి. రైలెక్కే ముందు స్టేషనులో సుంకం జవానులకు మూటలు విప్పి చూపించాలి. ఆ వరుసలో నా ముందు నిలబడ్డాడాయన. నలభై ఏళ్ళుంటాయి. నాకప్పుడు ఇరవై.

పసితనంలో వచ్చిన జ్వరానికి నా కుడికాలి నరాలు చచ్చి, కండ కరిగిపోయింది. కుడిచేత్తో తొడను అదిమిపడితే తప్ప అడుగు పడదు. అందుకే ఎక్కడికి వెళ్ళినా నాకు మిగిలేది ఒక్క చెయ్యే. ఆయనదీ అదే రోగం, అదే కాలు. కానీ పంచె కింద ఇనుప కడ్డీలు, తోలు పట్టీలు, బూటు. రెండు చేతుల్లో రెండు సంచులు! నా కడుపు మండిపోయింది.

"ఇది యాడ చేయించినారన్నా?" అన్నాను.

"ఒక ఫ్రెంచి డాక్టరు దయ, నాయనా."

ఇంతలో జవాను, ఆ పట్టీల కింద జరీ దాచాడేమోనని అంతా విప్పమన్నాడు. నిజం చెప్పాలంటే నాకు లోలోపల సంతోషమే కలిగింది. పట్టీలు ఊడగానే ఆయన కాలు నా కాలికన్నా సన్నగా, తడిగుడ్డలా వేలాడింది. అందరి ముందూ నా భుజం పట్టుకుని ఒంటికాలి మీద నిలబడ్డాడు. నా తొడమీది చేతిని చూసి మెల్లగా అన్నాడు:

"నీదే మేలు నాయనా. ఆ చెయ్యిని ఎవురూ ఇప్పమనరు గదా."

ఆ మాటతో నా అసూయ చల్లారిందని రాయాలనే ఉంది. కానీ ఆయన మళ్ళీ పట్టీలు బిగించుకుని, రెండు చేతులా సంచులెత్తుకుని రైలు వైపు నడిచాడు.

"వస్తా నాయనా" అన్నాడు వెనక్కి తిరిగి.

నేను ఒక చేత్తో తొడ, ఇంకో చేత్తో మూట పట్టుకుని, టికెట్టు పళ్ళతో కరుచుకుని ఉన్నాను. జవాబు చెప్పడానికి నోరు కూడా ఖాళీ లేదు.