సూదక్క స్ప్రింగు

సూదక్క పోయిందన్న కబురు నాకు ఒక గొర్రెల కాపరి ఫోనులో చెప్పాడు. పొద్దున పది గంటలప్పుడు పశువుల ఆసుపత్రి వరండాలో కూర్చుని టీకాల రిజిస్టరు రాస్తున్నాను. ఫోను ఎత్తేసరికి అవతల మనిషి ఏడుస్తున్నాడు.

"సార్, మన సూదక్క పోయిందంట సార్. రాత్రి బాగనే పండుకునిందంట. తెల్లారి లేయలేదంట." ముక్కు చీదుకుని, "ఇంగ మా జీవాలకి దిక్కెవురు సార్?" అన్నాడు.

ఆమె రిటైరై రెండేళ్ళయింది. ఆ రెండేళ్ళూ అతని మందకు ప్రతి సూదీ వేసింది నేను. పోయిన నెలలో అతని పొట్టేలు డెక్క చీము పడితే కడిగి కట్టు కట్టింది నేను. అయినా దిక్కెవరని నన్నే అడుగుతున్నాడు. నిజం చెప్పాలంటే అప్పుడు నాకు మొదట కలిగింది దుఃఖం కాదు, కుళ్ళు. నేను పోతే ఈ మనిషి ఇట్లా ఏడుస్తాడా అని ఆలోచించాను. ఏడవడని తెలిసింది. అది తెలిశాక గానీ ఆమె ఇక లేదన్న సంగతి నా బుర్రకెక్కలేదు.

పోయినవాళ్ళ గురించి మంచి మాటలే రాయాలంటారు. ఆమె గురించి మంచి మాటలకు కరువేమీ లేదు. కానీ తొమ్మిదేళ్ళు పక్కన పనిచేస్తూ ఆమె మీద నేను పడిన అసూయను పక్కన పెట్టి రాస్తే అందులో ఆమె ఉండదు. అందుకని దాన్నే రాస్తున్నాను.

నేను గుత్తి వైపు నుంచి గోరంట్ల దగ్గరికి బదిలీ మీద వచ్చేటప్పటికి ఆమె అక్కడ పాతకాపు. ఇద్దరిదీ ఒకటే ఉద్యోగం. పశువులకు, గొర్రెలకు టీకాలు వేయడం, ఆవులకు కృత్రిమ గర్భధారణ సూదులు వేయడం. ఊళ్ళు చెరి సగం. ఆమెది గొర్రెలు కాసిన ఇల్లే. ఎత్తరి, భారీ మనిషి. చుడీదారు మీద మగవాళ్ళ ఫుల్ చేతుల చొక్కా తొడుక్కుని, తలకు తుండు చుట్టుకుని బండి మీద వచ్చేది. ఊళ్ళలో పిల్లల దగ్గర్నుంచి ముసలివాళ్ళ దాకా అందరికీ ఆమె సూదక్కే. నాకు మాత్రం ఎక్కడికి పోయినా "సార్". పేరు కూడా అడిగేవాళ్ళు కాదు.

ఆమె బండి కూడా అందరి బండ్లలాంటిది కాదు. రోడ్డుకూ, రాళ్ళకూ రెండింటికీ పనికొచ్చే పొడుగు కాళ్ళ తేలిక బండి. గుట్టల మీద గొర్రెల దొడ్లకు దారి ఉండదు. వంక ఇసుక, నాపరాళ్ళు, వాన కోసిన గాడులు, ఇవే దారి. నా మామూలు బండిని గుట్ట కింద ఆపి, ఐసు పెట్టెను భుజాన వేసుకుని నేను ఎక్కేవాణ్ణి. ఆమె బండి మీదనే పైదాకా పోయేది. దొడ్డి కనపడగానే ఇంజను ఆపేసి, బండి దిగి, చివరి కొంత దూరం తోసుకుంటూ పోయేది. ఎందుకలా అని అడిగితే, "సప్పుడుకి బెదిరిన గొర్రెకి సూది ఏస్తే ఆ భయం రెండు దినాలు ఉంటాది. మేత ముట్టదప్పా," అంది. అది ఏ శిక్షణలోనూ నాకెవరూ చెప్పలేదు. ఆమెకెట్లా తెలుసని ఆ రోజంతా మండిపోయాను.

తర్వాతి ఏడాది నేనూ అదే బండి కొన్నాను. రంగు కూడా అదే. ఆమె చూసి, "మంచి పని చేస్తివి," అంది. ఆ మాటలో ఎగతాళి ఉందేమోనని వారం రోజులు వెతికాను. ఏమీ లేదు.

అయితే ఆ బండికి ఒక లోపం. వెనక ఉండేది ఒకటే షాకబ్జరు. కంపెనీవాళ్ళు బిగించిన స్ప్రింగు మెత్తన. ఆమె బరువు, వెనక ఐసు పెట్టె, పక్కన ఆవుల సూదుల వీర్యం ఉంచే నైట్రోజన్ క్యాను, అన్నీ కలిస్తే స్ప్రింగు పూర్తిగా కుంగి, ప్రతి గుంతలోనూ బండి దబ్బుమని అడుగు తగిలేది. నడుము పట్టుకుని దిగేది పాపం. ఆ నొప్పి చూసి నేను లోపల కొంచెం సంతోషించాను. ఇది కూడా రాయాలి కదా.

ఒక సోమవారం చూస్తే బండి వెనక భాగం ఎత్తుగా నిలబడి ఉంది. సోమందేపల్లెలో ఒక మెకానిక్ ఉన్నాడు, అందరూ భాయ్ అంటారు. అతను బెంగుళూరు నుంచి గట్టి స్ప్రింగు తెప్పించి మార్చాడట. ఆ రోజు నుంచి ఆమె బండి గుట్ట ఎక్కుతుంటే చూడాలి. రాయి మీద వెనక చక్రం లేచేది, దిగేది, మనిషి మాత్రం మంచం మీద కూర్చున్నట్టు ఉండేది. "నువ్వూ ఒకసారి భాయ్‌కి చూపించప్పా," అంది నాతో. "నాకేం అవసరం లేదక్కా, బాగనే ఉండాది," అన్నాను.

ఆ ఆదివారమే చెప్పకుండా సోమందేపల్లె పోయాను.

భాయ్ నన్ను కిందికీ పైకీ చూసి, "నీ బరువెంత సార్?" అన్నాడు.

"బరువుతో నీకేం పని? సూదక్కకి ఏసిందే నాకూ ఎయ్యి."

"ఆమె మనిషి వేరే, నువ్వు వేరే సార్. ఎంతుంటావ్, యాభై?"

యాభై రెండు. నేను పొట్టి, బక్క. ఆ మాట నలుగురిలో చెప్పడం నాకిష్టం లేదు. "చెప్పింది చెయ్యి భాయ్," అన్నాను. అతను తల ఊపి చేశాడు.

ఆ స్ప్రింగు నా కింద కుంగనే లేదు. సీటు ఎత్తుకుపోయి, నిలబడితే కాలి వేళ్ళు మాత్రమే నేలకు ఆనేవి. చిన్న రాయి తగిలినా వెనక చక్రం గాడిద తన్నినట్టు నన్ను ఎగరేసేది. రోజూ ఇంటికి వచ్చి వీపుకు వేడి నీళ్ళ కాపడం పెట్టించుకునేవాణ్ణి. "బండి మార్చినాక సుఖంగా ఉండాదా?" అని మా ఆవిడ అడిగితే, "సూపర్‌గా ఉండాది," అనేవాణ్ణి. సూదక్క ఏది వాడితే అదే నాకూ సరిపోవాలి. సరిపోకపోతే నాదే తప్పని నా నమ్మకం.

ఆ వేసవిలో గొర్రెలకు పారుడు రోగం వచ్చింది. ముక్కు కారడం, పారడం, నాలుగైదు రోజుల్లో చావడం. నా పరిధిలో ఒక ఊరి మందల్లో తగిలింది. దాని పక్క ఊరికి పాకకముందే అక్కడి మందలన్నిటికీ టీకా వేయాలి. మూడు మందల వాళ్ళు గొర్రెలను మేతకు వదలకుండా దొడ్లలోనే పెట్టుకుని నా కోసం చూస్తున్నారు. మందు సీసాలు ఐసులో పెట్టుకుని బయల్దేరాను.

గుట్ట సగం ఎక్కాక ఒక గాడి అడ్డమొచ్చింది. ఆమె అయితే ఎలా దాటేదో తెలుసు కనుక నేనూ అంతే వేగంతో పోయాను. వెనక చక్రం తన్నింది. కాలు ఆనిద్దామంటే నేల అందలేదు. బండి ఒక పక్కకు, నేను ఒక పక్కకు పడ్డాం. ఐసు పెట్టె మూత ఊడి సీసాలు రాళ్ళ మీద దొర్లాయి. కొన్ని పగిలాయి. మిగిలినవి ఏరుకునేలోపే ఐసంతా ఆ ఎండకు కరిగి రాళ్ళలోకి ఇంకిపోయింది. ఆ టీకాకు వేడి తగిలితే అది ఇక మందు కాదు. మోచెయ్యి చీరుకుపోయి రక్తం కారుతోంది, అది నాకు తెలియలేదు. పైన దొడ్లలో అరుస్తున్న గొర్రెలే వినపడుతున్నాయి.

ఒక కాపరి దిగి వచ్చి చూశాడు. నన్ను లేపి కూర్చోబెట్టి, ఫోను తీశాడు. మా ఆఫీసుకు చేస్తాడనుకున్నాను. సూదక్కకు చేశాడు.

గంట లోపల వచ్చింది. తన ఊళ్ళకు పెట్టుకున్న మందు తెచ్చింది. కాపరులందరూ చుట్టూ చేరారు. వాళ్ళలో ఒక పెద్దాయన, "ఈ సారుకి బండి తోలను రాదుక్కా. మా జీవాలు సచ్చింటే?" అన్నాడు.

"ఆ గాట్లో నేను రెండుతూర్లు పడినా," అంది ఆమె. "దావ బాగలేకుంటే సారేం జేస్తాడు? పట్టు, గొర్రెని పట్టు."

ఆమె ఆ గాట్లో ఎప్పుడూ పడలేదు. నాకు తెలుసు. వాళ్ళకూ తెలుసు.

ఇద్దరం కలిసి పొద్దు వాలకముందే మూడు మందలూ ముగించాం. నేను వేస్తున్నంత సేపూ పక్క నుంచి, "గొర్రెకి సూది కనపడకూడదు, కాపరికి నువ్వు కనపడల్ల. తలెత్తి వాళ్ళతో మాట్లాడు," అంటూనే ఉంది. తన ఊళ్ళకు మందు మళ్ళీ తెచ్చుకుని మర్నాడు పోయి వేసింది. ఆ గుట్ట మీద ఒక్క జీవం కూడా పోలేదు.

దిగేటప్పుడు నా బండి దగ్గర ఆగి, సీటు మీద అరచెయ్యి పెట్టి గట్టిగా నొక్కింది. సీటు కదల్లేదు. నా వైపు చూసి, "ఇది నా స్ప్రింగు కదప్పా," అంది.

నేను వంగి ఐసు పెట్టె మూత బిగించసాగాను.

"యాల చెప్పలేదు?"

"నీకుండేది నాకూ ఉండల్ల అనుకున్నాక్కా," అన్నాను. ఆ పూట అబద్ధం చెప్పే ఓపిక లేదు. "నీ మీద కుళ్ళు నాకు. వచ్చినప్పట్నించీ."

ఆమె నవ్వలేదు, జాలి కూడా చూపలేదు. "తెల్సులేప్పా," అంది. "కుళ్ళు ఉండేవాడు పనన్నా నేర్చుకుంటాడు. అదీ లేనోడు నిద్రపోతాడు. ఆదివారం భాయ్ కాడికి పోదాం."

పోయాం. భాయ్ బండిని స్టాండు మీద లేపి, వెనక ఇరుసు నుంచి సీటు కింద గీసిన గీత దాకా టేపు పెట్టి కొలిచాడు. తర్వాత చక్రాలు నేలకు దించి, నన్ను ఐసు పెట్టెతో సహా కూర్చోబెట్టి మళ్ళీ కొలిచాడు. మూడు వేళ్ళ మందం కుంగాలట. ఒక్క వేలి మందం కూడా కుంగలేదు. నా మొహం చూసి సూదక్క తన బండి ఎక్కి కూర్చుంది. "నాదీ కొల్చు భాయ్. నేను ఎనభై ఆరు. దీనికి యాల సిగ్గు? నా తూకం చెప్పకుంటే నువ్వెట్ల చేస్తావ్?" అని షాపులో నిలబడ్డ మగవాళ్ళందరికీ వినపడేటట్టు చెప్పింది. ఆమెకు సరిగ్గా మూడు వేళ్ళు. అప్పుడు నేను నా యాభై రెండు చెప్పాను. అంత తేలిగ్గా తన బరువు చెప్పగలిగినందుకు కూడా, ఒట్టు, ఆమె మీద అసూయ పడ్డాను.

భాయ్ షాకబ్జరు విప్పి, స్ప్రింగును రెండు వైపులా కొక్కేలతో బిగించి నొక్కిపెట్టి, జాగ్రత్తగా బయటికి తీశాడు. కంపెనీదానికన్నా కొంచెం గట్టి, ఆమెదానికన్నా బాగా మెత్తన, అలాంటిది ఒకటి వేశాడు. తిరిగి వస్తుంటే బండి నా మాట వింది. పెనుకొండ కొండ పక్కనుంచి వస్తూ ఒకచోట దారి వదిలేసి రాళ్ళలోకి పోనిచ్చాను. చక్రం ఎగిరింది, నేను ఎగరలేదు. వెనక నుంచి ఆమె హారను కొట్టింది, శభాష్ అన్నట్టు.

అక్కడితో నా కుళ్ళు పోయి ఉంటే ఈ కథ బాగుండేది. నేను గుట్టలన్నీ బండి మీదే ఎక్కడం మొదలుపెట్టాను. కాపరులు చూసి, "సారు బాగ తోల్తాండాడు," అనుకున్నారు. వెంటనే ఇంకొకరు, "సూదక్క నేర్పిచ్చింటాది లే," అన్నారు. నేను బాగా చేసిన ప్రతి పనీ ఆమె ఖాతాలోకే పోయేది. ఆమెకు సంగటి ముద్ద పెట్టిన ఇళ్ళు నాకు టీ మాత్రం ఇచ్చేవి. ఆమె ప్రతి ఇంటి పాడి ఆవునూ పేరు పెట్టి పిలిచేది. నేను రహస్యంగా ఆ పేర్లు నోటుబుక్కులో రాసుకున్నాను. ఒకసారి పేరు మార్చి పిలిచి నవ్వులపాలయ్యాను.

రిటైరయ్యేటప్పుడు ఆమె బండిని నేను అడిగాను. నీకు బండి ఉంది కదా అంది. "ఉండనీక్కా, అది నీ బండి కదా," అన్నాను. ఇవ్వలేదు. వేరే ఎవరికో అమ్మింది. అమ్మే ముందు భాయ్ దగ్గరికి పోయి, కొనేవాడి బరువు అడిగి, దానికి తగిన స్ప్రింగు వేయించి మరీ ఇచ్చింది. ముక్కూ మొహం తెలియని ఆ మనిషి మీద కూడా నాకు ఓర్వలేనితనమే.

ఇప్పుడు కూర్చుని చూసుకుంటే నాకు వచ్చిన పనిలో సగానికి పైగా ఆమె మీద కుళ్ళుతో నేర్చుకున్నదే. దానికి కృతజ్ఞత ఎట్లా చెప్పాలో తెలియక, ఆమె బతికి ఉండగా ఒక్కసారీ చెప్పలేదు.

ఆమె సొంత ఊరు సోమందేపల్లెకు పైన, లోపలికి. నేను పోయేసరికి మిట్టమధ్యాహ్నమైంది. ట్రాక్టరు మీద తీసుకుపోతున్నారు. జనం బాగా వచ్చారు. ఆ చుట్టుపక్కల మేపుకుంటున్న కాపరులు కబురు విని, మందలను ఎవరి దగ్గరా వదిలే వీలు లేక గొర్రెలతోనే వచ్చేశారు. శవం వెనక మనుషులు, మనుషుల వెనక నాలుగు మందలు.

దింపుడు కళ్ళం దగ్గర ట్రాక్టరు ఆపి ఆమెను కిందికి దించారు. ఆమె తమ్ముడు వంగి చెవిలో మూడుసార్లు "అక్కా" అని పిలిచాడు. నేను ఆ పిలుపు విని తల తిప్పుకున్నాను. మళ్ళీ ఎత్తి ట్రాక్టరు మీద పెట్టి, డ్రైవరు ఎక్కేసరికి, వెనకున్న గొర్రెలు ముందుకు వచ్చేశాయి. ఆ దారిలో ఒక్క చెట్టు లేదు. ఉన్న నీడంతా ట్రాక్టరుదే. గొర్రెలు ఆ నీడలోకి, ట్రాలీ కిందికి దూరి, ఒకదాని పొట్ట కింద ఒకటి తల పెట్టుకుని నిలబడిపోయాయి, ఎండ మండినప్పుడు గొర్రెలు నిలబడినట్టే.

డ్రైవరు ఇంజను స్టార్టు చేయబోయి మా వైపు చూశాడు. కాపరులు కర్రలు ఎత్తలేదు. ఆమె తమ్ముడు వద్దన్నట్టు చెయ్యి అడ్డంగా ఊపాడు. అందరం ఎండలో నిలబడ్డాం. కాసేపటికి నీడ జానెడు జరిగింది. గొర్రెలు తలలెత్తకుండానే దానితో పాటు జానెడు జరిగాయి.