ఉత్తి మెరుపు, అసలు క్లిక్కు

ఇంగ్లిషు మాటలకు కాపలాదారులు లేని రోజులవి. ఎవరికి దొరికిన మాటను వారు ఇంటికి పట్టుకుపోయి, తమకు తోచిన పనికి వాడుకునేవారు. ఎనభైలలో మా ఒంగోలులో అలా అందరి నోటా నలిగిన మాట ‘క్లిక్’. పత్తి బాగా పండితే పత్తి క్లిక్ అయింది. మిరపకు ధర పలికితే మిరప క్లిక్ అయింది. పెళ్లిసంబంధం కుదిరితే అదీ క్లిక్ అయింది. అప్పుడే హైస్కూలులో ఇంగ్లిషు మాస్టరుగా చేరిన నాకు ఈ అరాచకం మింగుడుపడేది కాదు. క్లిక్ అంటే చిన్నదీ స్పష్టమైనదీ అయిన ఒక చప్పుడు, తాళం పడితే వస్తుంది, స్విచ్చి నొక్కితే వస్తుంది, పత్తికి మాత్రం రాదు అని బల్ల గుద్ది చెప్పేవాణ్ణి. (బల్ల గుద్దిన చప్పుడు క్లిక్ కాదని కూడా అదే ఊపులో చెప్పేవాణ్ణి.)

నా పట్టుదలకు నిఘంటువుకన్నా బలమైన కారణం ఒకటి ఉంది. మా అక్క పెళ్లికి ఫోటోలు తీసిన ఆయనను ఊళ్లో ‘మెరుపు మాస్టారు’ అనేవారు. ఆయన అడుగు పెట్టిన చోటల్లా తెల్లటి వెలుగే. అమ్మ కూడా ఆనాడు కొంగు సర్దుకొని, తల నిమురుకొని, ఆయన ఎదుట బుద్ధిగా నిలబడింది. మెరుపు మెరిసింది. తీరా ఆల్బమ్ వస్తే అందులో అమ్మ లేదు. మరుసటి ఏడాదికి అమ్మే లేదు. ఇంట్లో ఆమె ఫోటో అన్నది ఒక్కటీ మిగలలేదు.

ఇందులోని కిటుకు నాకు చెప్పినవాడు మా బడి సైన్సు మాస్టారు. “రీలు చూస్తే పొట్టిది, చుట్టాలు చూస్తే బోలెడుమంది. ఫోటో తీయనంటే అలుగుతారాయె. అందుకని ఫ్లాషు వెనకాల ఓ బుల్లి మీట ఉంటుంది చూడు, అది నొక్కుతారు. వెలుగొక్కటే వస్తుంది. కెమెరా క్లిక్‌మనదు, రీలు ఖర్చవదు, చుట్టం సంతోషంగా భోజనానికి పోతాడు” అన్నాడాయన, అదేదో లోకోపకారమైనట్టు. ఆనాటి నుంచి వెలుగును నేను నమ్మడం మానేశాను. చెవికి వినిపించినదే ఫోటో.

ఇంతలో నా పెళ్లి కుదిరింది. ఫోటోల ఏర్పాటు ఆడపెళ్లివారిది. వారు మాట్లాడినది ఎవరిని అనుకున్నారు? మెరుపు మాస్టారినే, వారి ఇంటి పక్కనే ఆయన స్టూడియో. కాదనడానికి నాకు నోరు రాలేదు. నాకు కావలసినదల్లా నాన్న ఫోటో ఒక్కటి. అమ్మ విషయంలో జరిగింది నాన్న విషయంలో జరగనివ్వనని లోపల గట్టిగా అనుకున్నాను. ప్రధానం నాడు కాబోయే భార్యతో మాట్లాడేందుకు పెద్దలు కాస్త వ్యవధి ఇస్తే, ఆ వ్యవధినంతా ఫ్లాషుకూ క్లిక్కుకూ ఉన్న తేడా, నాన్న ఫోటో సంగతీ వివరించడానికే వెచ్చించాను. ఆమె శ్రద్ధగా విని, “ఇంకేమైనా చెప్పాలాండీ?” అని అడిగింది. లేదన్నాను.

పెళ్లి ఉదయం పూట, చర్చిలో. కాగితపు తోరణాల కింద మెరుపు మాస్టారు చిరునవ్వుతో ఎదురొచ్చాడు. “మాస్టారూ, మీరు నా చేతుల వంక చూడకూడదండి. అమ్మాయిగారి వంక చూడాలి” అన్నాడు. “మీ వేలు ఏ మీట మీద ఉందో ముందు చూడనివ్వండి” అన్నాను. “ఏమయ్యా, పెళ్లికొడుకువా, ఆడిటరువా?” అని మా బావ గొణిగాడు. ఫ్లాషు వెలిగిన ప్రతిసారీ నేను తల పక్కకు వంచి చెవి ఒగ్గుతూనే ఉన్నాను. కొన్ని పలికాయి, కొన్ని పలకలేదు. పలకనివన్నీ ఆడపెళ్లివారి పిన్నమ్మల మీద పడ్డాయి. అయినా నా అనుమానం తగ్గలేదు.

పాస్టరుగారు ప్రమాణాల దగ్గరికి వచ్చేసరికి మెరుపు మాస్టారు హఠాత్తుగా మా వైపు వీపు తిప్పి, ముందు బెంచీలో కూర్చున్న నాన్న మీదికి కెమెరా ఎత్తాడు. సరిగ్గా అప్పుడే పాస్టరుగారు, “ఈమెను నీ భార్యగా స్వీకరించుటకు నీకు సమ్మతమేనా?” అన్నారు. మెరుపు మెరిసింది. నాకు క్లిక్ వినిపించలేదు. వచ్చిందా, రాలేదా? నాన్న వైపే చూస్తూ ఉండిపోయాను. పాస్టరుగారు దగ్గి, ప్రశ్నను మరొకసారి చదివారు. నా చెవి మాత్రం ఆ పోయిన క్లిక్కు కోసమే వెతుకుతోంది. పెళ్లికూతురి మేనమామ గొంతు లేచింది. “ఏందయ్యా, మాట్లాడవే? ఇష్టం లేకపోతే ఇక్కడిదాకా ఎందుకొచ్చినట్టు? ఏమే అక్కాయ్, అబ్బాయికి వేరే సంబంధం ఏమన్నా ఉందేమో కనుక్కున్నారా అసలు?” అటు బెంచీలన్నీ ఒక్కసారిగా కిర్రుమన్నాయి. లేస్తున్నారని అర్థమైంది గాని, నేను ఇంకా ఆ క్లిక్కు లెక్కలోనే ఉన్నాను.

అప్పుడు నా పక్కనున్న ముసుగులోంచి, పెదవులు కదిలీ కదలనట్టుగా, ఒక మాట వచ్చింది. “క్లిక్‌మంది. నేను విన్నాను. మీ నాన్నగారి ఫోటో పడింది. ఇక పాస్టరుగారికి జవాబు చెప్పండి.”

“సమ్మతమే” అన్నాను. ఎంత గట్టిగా అన్నానంటే, పాస్టరుగారు పుస్తకం వెనక్కి లాక్కున్నారు. మేనమామగారు కూర్చున్నారు గాని, భోజనాల దగ్గర కూడా నన్ను ఓరకంటనే చూశారు.

ఆల్బమ్ వచ్చింది. నాన్న ఫోటో ఉంది, కాని ఆ మెరుపుది కాదు, బెంచీలు కిర్రుమన్న గోలలో నేను గమనించకుండా మెరుపు మాస్టారు మరొకసారి నొక్కినది. సగం లేచిన నాన్న, ఒక చెయ్యి బెంచీ మీద, కళ్లు కెమెరా మీద కాదు, నా మీద. వీడు నోరు విప్పడేమిటన్న కంగారంతా ముఖంలో ఉంది. మాకు మిగిలిన ఆయన ఫోటో అదే. మిగతా వాటిలో పెళ్లికూతురు నవ్వుతోంది. పక్కన నేను, సంతలో జేబు తడుముకుంటున్నవాడిలా, ఎటో చూస్తున్నాను.

చాలా ఏళ్ల తరువాత ఒక సాయంత్రం ఆ ఆల్బమ్ తిరగేస్తూ, పాస్టరుగారు ప్రశ్న చదువుతుండగా ఆ చిన్న చప్పుడు ఎలా విన్నావని మా ఆవిడను అడిగాను. ఆమె చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ తల ఎత్తకుండానే, “నాకేం వినపడిందండీ? మీరు అవునంటే చాలనుకున్నాను” అంది.

నేను మళ్లీ ఆల్బమ్‌లోకి చూశాను. బిగుసుకున్న కోటులో ఆ కుర్రవాడు, తన పక్కన ఎవరు నిలబడ్డారో ఇంకా తెలియక, తల పక్కకు వంచి వింటూనే ఉన్నాడు.