చిక్కుడు పాదు దగ్గర జెర్రిపోతు

రుషికొండ దాటాక కొండవాలున ఉన్న ఊళ్లో మా ఇల్లు. కిందటి ఏడాది చిక్కుడు పాదులను కోళ్లు కెలకకుండా మా బావమరిది అప్పలరాజు పాత చేపలవల తెచ్చి చుట్టూ కట్టాడు. హార్బర్‌లో వలలు బాగుచేయడమే అతని పని.

ఒక ఉదయం చూస్తే ఆ వలలో మనిషి పొడవు జెర్రిపోతు చిక్కుకుని ఉంది. గింజుకున్నకొద్దీ నైలాన్ పోగులు దాని మెడలోకి దిగుతున్నాయి. ఆలస్యమైతే చచ్చిపోయేలా ఉంది. పక్కింట్లో ఉన్న అప్పలరాజును కేకేశాను.

“నేను తల పట్టుకుంటాను, నువ్వు వల కొయ్యి. దానికి విషం ఉండదులే.”

“ఇసం లేకపోతే పళ్లు కూడా లేవేటి బావా?” అంటూనే కత్తి తెచ్చాడు.

తడిగుడ్డ కప్పి పాము తల అదిమి పట్టాను. మిగతా ఒళ్లంతా నా చేతికి చుట్టేసింది. అప్పలరాజు ఒళ్లు వెనక్కి లాక్కుని, చేతులు మాత్రమే ముందుకు చాచాడు. అయినా పోగుకీ పొలుసులకీ మధ్య కత్తిమొన దూర్చి, ఒక్కొక్కటే తెంపుతూ పోయాడు.

“తల వదిలీకు బావా, వదిలీకు!”

ఆఖరి పోగు తెగాక గుడ్డ తీశాను. పాము కాసేపు కదల్లేదు. తర్వాత నాలుక ఆడించి, తిన్నగా అప్పలరాజు పాదం మీదుగా పాక్కుంటూ తుప్పల్లోకి పోయింది. అతను కాలు ఎత్తలేదు. కళ్లు గట్టిగా మూసుకుని అలాగే నిలబడ్డాడు.

“తోక కూడా ఎలిపోనాదేటి బావా?”

ఆ పూటే వల విప్పేశాం. పాములంటే నాకు మొదటినుంచీ భయం లేదు కాబట్టి నేను చేసింది పెద్ద పనేమీ కాదు. అంత భయపడుతూ కూడా ఆఖరి పోగుదాకా కోసినవాడు మా అప్పలరాజు.